జేజినాయన చేతిలో చుట్ట: పాత ఫోటోలోంచి తీసేయొచ్చా, తీస్తే ఎలా?

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ప్రొద్దుటూరు దగ్గరి మీ పల్లెలో బడికి స్థలమిచ్చిన మీ జేజినాయన ఫోటోను కొత్త గదిలో పెట్టాలి. మిగిలింది 1950ల్లో స్టుడియోలో తీయించిన ఒక్క ఫోటో. అందులో ఆయన కుర్చీలో కూర్చొని కుడిచేతి వేళ్ల మధ్య చుట్ట పట్టుకున్నారు. పిల్లల ముందు చుట్ట ఏంటని మీ చిన్నాయన, ఉన్న మనిషిని ఉన్నట్టు ఉండనీయమని మీ మేనత్త. ఈలోగా ఎవరో ఫోన్ యాప్‌లో చుట్ట తీసేస్తే చేతికి ఆరో వేలు మొలిచింది. తీయొచ్చా అన్నది ఒకటి, ఎలా తీయాలన్నది రెండోది.

చట్టం సంగతి చిన్నది, ముందే తేల్చేద్దాం. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, అందరూ కోట్పా అనేది, 5వ సెక్షన్‌లో నిషేధించింది పొగాకు ప్రకటనలను. బడికి భూమి ఇచ్చిన మనిషి ఫోటో ప్రకటన కిందికి రాదు. చుట్టకు బ్రాండూ లేదు, లేబులూ లేదు. పక్కన టీపాయ్ మీద సిగరెట్ పెట్టె ఉండి పేరు చదవడానికి వస్తుంటే మాత్రం ఆ పేరు కనబడకుండా చేయించండి. అదే చట్టం 6వ సెక్షన్ ప్రకారం బడికి 100 గజాల లోపల ఏ పొగాకు సరుకూ అమ్మకూడదు. గేటు ఎదురుగా బంకులో ఖైనీ పొట్లాలు దండల్లా వేలాడుతుంటే లోపల గోడమీద చుట్ట తీసి ఏం లాభం? ముందు ఆ బంకు సంగతి చూడమని మీ చిన్నాయనకు నా మాటగా చెప్పండి.

ఇక తీయొచ్చా అన్న ప్రశ్న. ఆ ఫోటో దిగిన కాలంలో చేతిలో చుట్టో సిగరెట్టో ఉండటం తప్పుగా తోచేది కాదు. పొగ తాగనివాడు దున్నపోతై పుడతాడనే పద్యం చెప్పుకొని నవ్వుకున్న రోజులవి. స్టుడియోకి పోయినవాళ్లు తమకు హోదా అనిపించినవన్నీ కెమెరాకు చూపించేవాళ్లు: మణికట్టు మీద వాచీ కనబడేలా చెయ్యి తిప్పడం, జేబులో పెన్ను, పక్కన పూలకుండీ, వేళ్ల మధ్య సిగరెట్. అంతమాత్రాన అదుపు లేదనుకోవద్దు. పెద్దాయన అరుగు మీద కూర్చొని చుట్ట కాల్చినా, ఆయన ఎదుట కొడుకు బీడీ వెలిగించేవాడు కాదు. పెద్దలొస్తే వీపు వెనక దాచడమో, కాలికింద నలిపేయడమో. అప్పుడు ప్రశ్న ఎవరి ముందు తాగావన్నది. తాగడమే కూడదన్న మాట తర్వాత వచ్చింది.

ఆ తర్వాత అంటే ఎప్పుడో కూడా చూద్దాం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగకూ సంబంధముందని బ్రిటన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించింది 1950లో. అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లో వచ్చింది. మన దేశంలో సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక తెచ్చింది 1975 చట్టం. అదీ సిగరెట్లకే. బీడీ కట్టలకూ చుట్టలకూ వర్తించలేదు, వాటి వంతు 2003 చట్టంతో వచ్చింది. బొమ్మల హెచ్చరిక 2009 మే 31 నుంచి, పెట్టెలో 85 శాతం మేర హెచ్చరిక 2016 ఏప్రిల్ నుంచి. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల వరకు జరిమానా వేసే నిబంధనలు గట్టిగా అమల్లోకొచ్చింది 2008 అక్టోబర్ 2న. మీ జేజినాయన ఫోటో దిగేనాటికి మన దేశంలో ఈ చట్టాలూ హెచ్చరికలూ ఏవీ లేవు. ఆయన కొన్న చుట్టల కట్ట మీద ఎవరూ ఏ హెచ్చరికా రాయలేదు. ఇప్పుడు మనకు తెలిసిందానితో ఆయనను దోషిగా నిలబెట్టడం ఎంత తప్పో, ఆయన చుట్టే ముట్టలేదన్నట్టు చూపించడమూ అంతే.

బయటి దేశాల్లో ఈ చెరిపివేతలు బాగానే జరిగాయి, దాదాపు అన్నిటికీ ఎగతాళే మిగిలింది. 1994లో అమెరికా తపాలా శాఖ బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ స్టాంపు వేసినప్పుడు పెదవుల మధ్య సిగరెట్ తీసేసింది. 1996లో ఫ్రాన్స్ రచయిత ఆంద్రె మాల్రో స్టాంపుకూ అదే గతి. 2005లో పారిస్ జాతీయ గ్రంథాలయం తత్వవేత్త, రచయిత సార్త్ర్ శతజయంతి ప్రదర్శన కోసం ఆయన చేతిలో సిగరెట్ చెరిపింది. 2009లో మరీ విడ్డూరం: హాస్య నటుడు జాక్ తాతి నోట్లో పైపు తీసి, దాని చోట పసుపు రంగు గాలిమర బొమ్మ పెట్టి పారిస్ మెట్రోలో పోస్టర్లు వేశారు. 1991 నాటి అక్కడి పొగాకు ప్రకటనల చట్టానికి భయపడి చేసిన పని అది. చివరికి 2011లో అక్కడి పార్లమెంటు సభ్యులే సాంస్కృతిక వారసత్వానికి మినహాయింపు కోరుతూ బిల్లు తెచ్చారు.

మనవాళ్లు సినిమాల విషయంలో పట్టిన దారి వేరు, నా దృష్టిలో అదే నయం. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం పాత సినిమాను మళ్లీ వేసినా పొగతాగే దృశ్యం తీసేయక్కర్లేదు. మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ఆరోగ్య సందేశం, ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ కింద హెచ్చరిక అక్షరాలు ఉండాలి. అక్షరాలు చిరాకు పెడతాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ ఎవరి చేతిలోంచీ ఏదీ మాయం కాదు, చూసేవాడికి తెలియాల్సింది తెలుస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. ఇంట్లో ఉంచే కాపీలో, బడి సావనీర్‌లో చుట్ట ఉండనీయండి. తరగతి గది గోడకు మాత్రం చుట్ట తీయక్కర్లేదు, చెయ్యే లేకుండా ఛాతీ వరకు కత్తిరించి పెట్టండి. ఆ కాలపు స్టుడియోలే ముఖం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో అంచులు మసకబార్చి ఛాతీ వరకు ప్రింటు వేసేవి. అది ఆనాటి పద్ధతే, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. కత్తిరించడంలో మనం చూపించేది తగ్గుతుంది గానీ లేనిదేదీ కల్పించం. మీ చిన్నాయన, మేనత్త ఇద్దరూ ఒప్పుకొనే అవకాశం దీంట్లోనే ఎక్కువ. కుర్చీతో సహా నిలువెత్తు ఫోటోయే కావాలని పట్టుబడితే, అప్పుడు తీసే పని చూద్దాం.

మొదట అసలు ఫోటో. దాని మీద బ్రష్షూ రంగూ పెట్టనివ్వద్దు. ఫ్రేమ్ విప్పేటప్పుడు వెనక మేకులు పట్టకారుతో తీసి, అట్ట ఎత్తి, ఫోటో అద్దానికి అతుక్కుందేమో పక్కనుంచి వెలుతురు పెట్టి చూడండి. 2009 అక్టోబర్ వరదలో తడిసిన కర్నూలు పాతబస్తీ ఇళ్ల ఫోటోల్లో ఇది మామూలు సంగతి. గోడ చెమ్మకు కడపలోనూ అవుతుంది. అతుక్కుని ఉంటే గుంజొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు. గుంజితే ముఖం అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. అద్దంతో సహా కెమెరాతో కాపీ తీయాలి: రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు, కెమెరా వెనక నల్లగుడ్డ, లెన్స్ ఫోటోకు నిటారుగా. నల్లగుడ్డ లేకపోతే ఫోటో తీసేవాడి చొక్కా అద్దంలో పడుతుంది.

అతుక్కోకపోతే ఫ్లాట్‌బెడ్ స్కానర్. 4×6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, అంటే 300 డీపీఐలో 8×12 సైజు నాణ్యంగా పడుతుంది. 12×18 కావాలంటే 1200 పెట్టండి. పాత ప్రింటులో 600కు మించి వివరం ఉండదు, నిజమే. అయినా కాగితం గరుకు, రేణువులు స్పష్టంగా పడితే తర్వాత అతుకు వేయడం తేలిక. నెగటివ్ దొరికితే అదృష్టం: 6×6 సెంటీమీటర్ల 120 ఫిల్మును 2400 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో వైపు 5200 పిక్సెళ్లు దాటుతుంది.

నలుపు తెలుపు ఫోటో అయినా రంగులోనే, 16 బిట్‌లో స్కాన్ చేయమనండి. పాత ఫోటో మీది మరకలు పసుపు రంగువి. అవి నీలం ఛానెల్‌లో (ఫోటోలోని నీలం వెలుతురును మాత్రమే చూపే పొరలో) నల్లగా కనబడి, ఎరుపు ఛానెల్‌లో దాదాపు మాయమవుతాయి. ఎరుపు ఛానెల్ ఒక్కటి తీసుకుంటే సగం మరకల పని అక్కడే అయిపోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేస్తే ఈ సౌకర్యం పోయినట్టే. స్కానర్‌లో దుమ్ము తీసే ఆప్షన్, షార్ప్ చేసే ఆప్షన్ ఆపేయాలి, అవి చొక్కా గుండీలను కూడా దుమ్మనుకుంటాయి. పట్టుగుడ్డలా గీతలున్న కాగితమైతే ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా పెట్టి స్కాన్ చేసి, రెండిటినీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పెట్టి పైదాన్ని 50 శాతం పారదర్శకం చేస్తే ఆ మెరుపు చాలావరకు తగ్గుతుంది. ఫైల్ టిఫ్‌లో (వివరం పోగొట్టని ఫైల్ రకం) దాచండి. జేపెగ్ ప్రింటుకు పంపేటప్పుడు చేసుకోవచ్చు.

ఇప్పుడు చుట్ట. ఫోటోషాప్ అయినా ఉచితంగా దొరికే గింప్ అయినా చాలు. అసలు లేయర్‌ను (ఫోటో ఉన్న పొరను) తాకకుండా పైన ఖాళీ లేయర్ పెట్టి దానిమీదే పని చేయాలి. నచ్చకపోతే ఆ లేయర్ తీసేస్తే అసలు అలాగే ఉంటుంది. చుట్టను మూడు ముక్కలుగా చూడండి: వెనక తెర మీదో పంచె మీదో పడ్డ ముక్క, వేళ్ల మధ్య ముక్క, దాని నీడ. మొదటిది తేలిక. పంచె మడతల మీద ఉంటే మడత పోయిన దిశలోనే క్లోన్ స్టాంప్‌తో (ఒకచోటిది ఇంకోచోట అలాగే అచ్చువేసే టూల్) లాగాలి, బ్రష్ గట్టిదనం 70 నుంచి 80 శాతం మధ్య. అతుకును చుట్టుపక్కల రంగులో కలిపేసే హీలింగ్ బ్రష్ వాడాలనిపిస్తుంది గానీ నలుపు తెలుపు కలిసే అంచు దగ్గర అది పక్క నలుపును లాక్కొచ్చి బూడిద రంగు మరక పెడుతుంది. తెల్లపంచె మీద ముదురు గోధుమ చుట్ట అంటే సరిగ్గా ఆ పరిస్థితే. హీలింగ్ బ్రష్‌ను చదునైన చోట్లకే ఉంచండి.

నీడ సంగతి పది మందిలో తొమ్మిది మంది మరిచిపోతారు. చుట్ట పోయాక కూడా మధ్యవేలు మీదో తొడ మీదో సన్నని చార మిగిలి ఉంటుంది. దాన్ని చూసి అక్కడేదో ఉండేదని చిన్న పిల్లవాడు కూడా చెప్తాడు. పొగ కూడా పడి ఉంటే దాన్ని క్లోన్ చేయొద్దు. వెలుగునీడలు మార్చే కర్వ్స్ లేయర్ పెట్టి, మాస్క్‌తో (మార్పు ఎక్కడ పడాలో హద్దు పెట్టేది) పొగ ఉన్న మేరకే ముదురు చేయండి. క్లోన్ చేస్తే వెనక తెరలో ఒకే మచ్చ మూడుచోట్ల పునరావృతమవుతుంది. పల్చటి లాల్చీ అయితే జేబు కూడా పెద్దది చేసి చూడండి. గుడ్డ లోంచి అగ్గిపెట్టె నలుచదరంగా కనబడుతూ ఉండొచ్చు.

అసలు కష్టం వేళ్ల దగ్గర. చుట్ట సిగరెట్ కంటే లావు కాబట్టి చూపుడువేలు, మధ్యవేలు బాగా ఎడంగా ఉంటాయి, బొటనవేలు కిందనుంచి ఆనించి ఉంటుంది. చుట్ట తీస్తే గాలిని పట్టుకున్న చెయ్యి మిగులుతుంది. అందరి కళ్లూ నేరుగా అక్కడికే పోతాయి, ఎందుకో చెప్పలేకపోయినా. యాప్ ఆరో వేలు మొలిపించిందీ ఇందుకే: రెండు వేళ్ల మధ్య పొడుగ్గా, ముదురుగా ఉన్నదాన్ని పూరించమంటే దానికి తోచేది ఇంకో వేలే. చేతితో చేసేవాళ్లు మధ్యవేలిని లాసోతో (చుట్టూ గీత గీసి ఎంచుకునే టూల్) తీసుకొని వేరే లేయర్‌లో పెట్టి, కణుపు దగ్గర కేంద్రం ఉంచి 5 నుంచి 8 డిగ్రీలు చూపుడువేలి వైపు తిప్పి, ఆకారం వంచే వార్ప్‌తో సర్దుతారు. అంచుకు ఒకటి రెండు పిక్సెళ్ల ఫెదర్ (అంచు మెత్తబరచడం) చాలు. రెండు వేళ్లు ఆనుకున్న చోట సన్నని ముదురు గీత గీయాలి, అది లేకపోతే రెండూ కలిసిపోయి ఒకే లావు వేలులా ఉంటాయి. అంతకుమించి తిప్పాల్సి వస్తే మానేయండి, కణుపు విరిగినట్టు కనిపిస్తుంది. చుట్ట చోట పెన్ను పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. ఆయన చేతిలో ఎన్నడూ లేని వస్తువు పెట్టడం చుట్ట తీయడం కంటే పెద్ద అబద్ధం. తాతి గాలిమర కథ చెప్పింది ఇందుకే.

మీ ఫోటోలో చుట్ట చేతిలోనే ఉంది, నయం. పెదవుల మధ్య ఉంటే ఆ ఫోటో వదిలేసి వేరేది వెతుక్కోమనే చెప్తాను. పెదవులు ఒకపక్కకు బిగిసి, చెంపలు లోపలికి లాగి ఉంటాయి. తీసేస్తే నోట్లో రంధ్రం, పూడిస్తే వేరే మనిషి. అవతలి పెదవి భాగం తిప్పి అతికిద్దామంటే స్టుడియో వెలుతురు ఒకవైపునుంచే పడుతుంది కదా, నీడ కుదరదు.

పని అయ్యాక అతికిన చోటు మైనం పూసినట్టు నునుపుగా ఉంటుంది, చుట్టూ ఫోటో మాత్రం గరుకు. 50 శాతం బూడిద రంగు లేయర్‌ను ఓవర్లే మోడ్‌లో (కింది ఫోటోతో కలిసిపోయే పద్ధతి) పెట్టి, ఒకే రంగు నాయిస్ (రేణువులు) 3 నుంచి 6 శాతం వేసి, అర పిక్సెల్ బ్లర్ ఇచ్చి, అతుకుల మేరకే మాస్క్ చేయండి. తర్వాత ఫోటోను అద్దంలోలా తిప్పి చూస్తే అలవాటుపడ్డ కన్ను తప్పులు పట్టుకుంటుంది. కర్వ్స్‌ను విపరీతంగా లాగి చూస్తే దాగిన అతుకులు మచ్చలుగా బయటపడతాయి.

ఏఐ టూల్ వాడితీరాలంటే చుట్ట, దాని నీడ మేరకే బిగువుగా సెలెక్ట్ చేసి వాడండి. వచ్చిన ఫైల్‌ను అసలు దానిమీద తేడా మాత్రమే చూపే డిఫరెన్స్ మోడ్‌లో పెట్టండి. సెలెక్ట్ చేసిన చోటు తప్ప మిగతాదంతా పూర్తి నల్లగా రావాలి. ముఖం దగ్గర బూడిద గీతలు కనిపించాయంటే అది కళ్లనో మీసాన్నో మార్చింది, ఆ ఫైల్ పారేయండి. ముఖాన్ని మెరుగుపరుస్తామనే యాప్‌లు పుట్టుమచ్చను మరకనుకొని తీసేస్తాయి, ముడతలు సాపు చేస్తాయి. ఆనాటి రీటచర్లు కూడా నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముడతలు తగ్గించేవాళ్లే. పాత నెగటివ్‌ను ఏటవాలుగా వెలుతురులో పెడితే బుగ్గల మీద ఆ పెన్సిల్ గీతలు ఇప్పటికీ కనబడతాయి. కాకపోతే వాళ్ల ఎదుట మనిషి కూర్చొని ఉండేవాడు, పోలిక పోతే ఒప్పుకొనేవాడు కాదు.

చుట్ట తీసిన కాపీ వేయిస్తే ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండాలి: "1950ల నాటి ఫోటో. చేతిలోని చుట్టను ఈ ప్రతిలో తొలగించాం." అదే మాట ప్రింటు వెనక, ఫైల్ వివరాల్లోనూ రాయండి. రెండు ఫైళ్ల పేర్ల చివర 'అసలు', 'మార్చినది' అని వేరుచేసి, కనీసం రెండు చోట్ల, ఒకటి వేరే ఇంట్లో దాచండి. ఇది లేకపోతే వాట్సాప్‌లో తిరిగీ తిరిగీ ఇరవై ఏళ్ల తర్వాత మార్చినదే అసలైపోతుంది. మీ మేనత్త భయం కూడా ఇదేననుకుంటాను, ఆ వాక్యం ఉంటే ఆమె కాదనకపోవచ్చు.

ప్రింటు 12×18, మ్యాట్ పేపర్ మీద, లామినేషన్ లేకుండా వేయించండి. ఫ్రేమ్ కట్టేవాణ్ణి అద్దానికీ ప్రింటుకూ మధ్య అట్ట బోర్డర్ పెట్టమనండి, 2 మిల్లీమీటర్ల ఎడం చాలు, ఇక అతుక్కోదు. కిటికీకి ఎదురు గోడ వద్దు. మన ఎండలకు నేరుగా వెలుతురు పడే గోడమీద ఏ ప్రింటూ ఎక్కువ కాలం ఆగదు. అసలు ఫోటోను తిరిగి గోడకెక్కించకుండా, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, బీరువాలో నేల చెమ్మ తగలని అరలో పడుకోబెట్టి ఉంచండి.